కంపెనీ పుట్టిల్లా, అత్తవారిల్లా?

మా ఇంట్లో ఆ రోజు గొడవ ఇంగువ దగ్గర మొదలైంది.

చారులో ఇంగువ లేదని మా వారు గిన్నె పక్కకి నెట్టారు. "ఇది చారు కాదు. వేడి చేసిన చింతపండు నీళ్లు," అన్నారు. ఇంగువ వేయలేదని నేను ఒప్పుకున్నాను. ఎందుకు వేయలేదని అడిగారు. డబ్బా కనిపించలేదన్నాను. పెళ్లయిన నాటి నుంచి పోపులపెట్టె పక్కనే ఉన్న డబ్బా కనిపించకపోవడమేమిటని ఆయన స్వయంగా వంటింట్లోకి వెళ్లి, అటక మొదలుకొని సింకు కింద దాకా వెతికారు. చివరికి దాన్ని బాల్కనీలో మనీప్లాంటు కుండీ వెనకాల పట్టుకున్నారు. ఒకదాని మీద ఒకటి తొడిగిన ప్లాస్టిక్ సంచుల్లో, గట్టిగా ముడివేసి ఉంది.

"ఎవరి పని ఇది?"

"నేనే పెట్టాను మావయ్యగారూ," అంది మా కోడలు మృదుల. "ఆ వాసన నాకు..." మాట పూర్తి కాకుండానే లేచి బాత్రూములోకి పరుగెత్తింది.

"ఇంగువకి ఇంగువ వాసన కాక మల్లెపూల వాసన వస్తుందా?" మా వారు ఇంకా ఇంగువ దగ్గరే ఉన్నారు. మా అబ్బాయి మాత్రం కంచంలోంచి తల ఎత్తడం లేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నేను బి.ఏ. ఎకనామిక్స్ చదివినదాన్ని. అయితే ఇది తెలుసుకోవడానికి ఆ చదువు అక్కర్లేదు.

"ఎన్నో నెలరా?" అన్నాను.

"మూడోది వస్తోందమ్మా," అన్నాడు, దొంగతనం బయటపడినట్టు.

మా వారు ఇంగువ డబ్బాని మళ్లీ అన్ని సంచుల్లోనూ చుట్టి, తీసుకెళ్లి బాల్కనీలో పెట్టి వచ్చి, చారు రెండోసారి పోయించుకున్నారు.

ఇంత మంచి కబురు దాచవలసిన అవసరమేమిటంటే, మృదుల భయం మృదులకి ఉంది. ఆ మధ్యనే ఆటోనగర్‌లో ఒక పరుపుల కంపెనీలో చేరింది. క్వాలిటీ విభాగం. పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కి, లోపల స్పాంజి ఎంత, కొబ్బరిపీచు ఎంత, ఏ మూల మోసం జరిగిందో చెప్పేస్తుంది. ఆ పని అంటే దానికి ప్రాణం. మా ఇంటికి వచ్చిన వారంలోనే మా పెళ్లినాటి పరుపుని నొక్కి చూసి, "అత్తయ్యా, ఇందులో ఏమీ లేదు," అని తేల్చింది. కొత్త ఉద్యోగం కనక ఆరు నెలలు ప్రొబేషను. అది ఇంకా సగం కూడా కాలేదు.

"చెబితే పంపించేస్తారేమో అత్తయ్యా. ఈ ఉద్యోగం పోతే, చంటిబిడ్డని చంకనేసుకుని ఇంటర్వ్యూలకి వెళ్తే ఎవరిస్తారు నాకు?"

మా అబ్బాయి వదులు కుర్తాలు కొనుక్కోమని సలహా ఇచ్చాడు. మా వారు ఈ కబురు రిజిస్టర్డ్ పోస్టులో పంపమన్నారు. ఆయన దేన్నయినా రిజిస్టర్డ్ పోస్టులోనే పంపమంటారు. నేను మాత్రం, "వెళ్లి నోటితో చెప్పు. కడుపు కుర్తాల కింద ఎన్నాళ్లు దాగుతుంది?" అన్నాను. మర్నాడు వెళ్లి చెప్పింది.

ఇక్కడ ఆ కంపెనీ గురించి కొంచెం చెప్పాలి. దాని మేనేజింగ్ డైరెక్టరు ఏ సముద్రపు ఒడ్డు హోటల్లోనో జరిగిన శిక్షణకి వెళ్లి, 'సంస్థ అంటే ఒక కుటుంబం' అని నేర్చుకుని వచ్చాడు. అలాంటి శిక్షణకి వెళ్లినవాళ్లు మామూలుగా ఆ మాటని బోర్డు మీద రాయించి ఊరుకుంటారు. ఈయన పాపం నిజాయితీపరుడు. 'నేటి నుండి సంస్థలో హోదాలు రద్దు. వరుసలు మాత్రమే అమలు,' అని సర్క్యులర్ తీశాడు. ఆయన పెదనాన్న అయ్యాడు. హెచ్.ఆర్. మేనేజరు ఇందుమతి గారు మేనత్త. అకౌంట్స్ చూసే సాంబమూర్తి బాబాయి. క్యాంటీన్ నడిపే ఆంజనేయులుకి గుబురు మీసాలున్నా, వంటిల్లు అతని చేతిలో ఉంది కనక పిన్ని అయ్యాడు. పెదనాన్న భార్య కూడా ఒక డైరెక్టరు. వరస ప్రకారం ఆవిడ పెద్దమ్మ కావాలి. ఆ మాటలో వయసు కనిపిస్తోందని ఆవిడ ఒప్పుకోకపోవడంతో వదినని చేశారు. పెదనాన్న భార్య వదిన ఎలా అవుతుందో నాకు ఈ రోజుకీ బోధపడలేదు.

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు 'చుట్టాలు'. కన్ఫర్మ్ అయితే 'ఇంటిమనుషులు'. కన్ఫర్మేషన్‌ని గృహప్రవేశం అంటారు. ఆ రోజు గేటు దగ్గర మేనత్త అడ్డంగా నిలబడుతుంది. ఉద్యోగి కొత్త బట్టల్లో వచ్చి, సిగ్గుపడుతూ కంపెనీ పూర్తి పేరు చెప్పి, కుడికాలు ముందు పెట్టి లోపలికి రావాలి.

మృదుల కబురు చెప్పగానే ఇందుమతి గారు కుర్చీలోంచి లేచి వచ్చి, "నా తల్లే, నా బంగారమే!" అని బుగ్గలు పుణికిందట. తర్వాత వెనక్కి వెళ్లి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుంది.

"మేనత్తగా నా ఆనందాన్ని వ్యక్తపరిచాను. ఇక విధానపరమైన అంశాలు పరిశీలిద్దాం. గర్భవతి గృహప్రవేశం చేయరాదు. అది మన ఆచారం. కావున నీ గృహప్రవేశం ప్రసవానంతరానికి వాయిదా వేయడమైనది."

"అప్పటిదాకా నేనేమిటి మేనత్తా?"

"చుట్టానివే."

"మరి ప్రసూతి సెలవు?"

"ఇంటిమనుషులకి సెలవుంటుంది. చుట్టానికి సెలవేమిటమ్మా? చుట్టం రాకపోతే పని పడి రాలేదనుకుంటాం. చాలారోజులు రాకపోతే వాళ్లింటికి వాళ్లు చేరుకున్నారనుకుంటాం."

"అంటే నా ఉద్యోగం తీసేస్తారా?"

ఇందుమతి గారు చెవులు మూసుకుంది. "అంత మాట అనకు! కుటుంబంలోంచి ఎవర్నయినా తీసేస్తారా? ఇక్కడ ఇంతవరకూ ఎవర్నీ తీసెయ్యలేదు. కొందరు చుట్టాలు వెళ్లారు, అంతే."

"గర్భవతి అని పంపించెయ్యడం చట్టం ఒప్పుకోదండీ."

"చూశావా, ఇంట్లో కూర్చుని చట్టాలు మాట్లాడుతున్నావు," అని ఇందుమతి గారు నొచ్చుకుంది.

విషయం పెదనాన్న దాకా వెళ్లింది. ఆయన విని, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. "మన ఇంట్లో తొలి కాన్పు! తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. నేను పెదనాన్నని, అది నా కూతురు. ఖర్చంతా కంపెనీదే!"

'ఖర్చంతా కంపెనీదే' అన్న మాట గోడ దాటి బాబాయి చెవిన పడింది. సాంబమూర్తి బాబాయి ఆ మధ్యాహ్నం భోజనం మానేసి ఆలోచించాడు. సాయంత్రానికి ఆయనకి దారి దొరికింది. పెదనాన్న వైపు నుంచి చూస్తే మృదుల కూతురు, నిజమే. కానీ మేనత్త వైపు నుంచి చూస్తే మేనకోడలు. మేనకోడలంటే రేపో మాపో కోడలే. కోడలి తొలి కాన్పు అత్తవారికి సంబంధించినది కాదు.

ఈ చిక్కు విప్పడానికి 'వరుసల నిర్ధారణ సంఘం' ఏర్పడింది. ఆ సంఘం నుంచి నాకు పిలుపు వచ్చింది. అసలు సిసలు అత్తగారిని కాబట్టి సంప్రదాయ నిపుణురాలిగా రమ్మన్నారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను.

పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. మృదుల ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉంది.

"మేడమ్," అన్నాడు బాబాయి, "ఒకే వ్యక్తి ఒకే ఇంట్లో కూతురూ కోడలూ కాగలదా? మీ విలువైన అభిప్రాయం రికార్డు చేస్తాం."

"ఒకరికి కూతురూ ఇంకొకరికి మేనకోడలూ అవుతుందండీ. అందులో వింతేముంది? కానీ మా మృదుల మీలో ఎవరికీ ఏమీ కాదు. మీ దగ్గర పని చేస్తోంది."

బాబాయి రాసుకుంటూ పైకి చదివాడు. "నిపుణురాలు రెండు వరుసలనూ ధ్రువీకరించారు."

"తర్వాత అన్నది కూడా రాయండి."

"అది వ్యక్తిగత అభిప్రాయం కిందికి వస్తుందండీ."

చేతులెత్తించారు. పెదనాన్న ఒక్కడూ కూతురన్నాడు. మిగతా అందరూ కోడలన్నారు. పిన్ని రెండుసార్లు చెయ్యెత్తాడు. ఏమిటని అడిగితే, టీ ఎవరికి కావాలో లెక్క చూస్తున్నానన్నాడు.

"కోడలని తేలింది. ఇక పుట్టిల్లు ఎవరిదో తేలాలి," అన్నాడు బాబాయి.

"తేలడానికేముందండీ? తెనాలి. వాళ్లమ్మ కాంతిమతి గారు అక్కడే ఉంటారు," అన్నాను.

ఆయన జాలిగా నవ్వాడు. "అది ఆమె స్వంత పుట్టిల్లు మేడమ్. మేం అడుగుతున్నది ఉద్యోగరీత్యా పుట్టిల్లు. అంటే, ఇక్కడికి రాకముందు ఆమె ఏ సంస్థలో పెరిగింది?"

మృదుల అంతకుముందు గన్నవరం దగ్గర ఒక టైల్స్ కంపెనీలో పని చేసింది. ఆ కంపెనీకి ఆ సాయంత్రమే ఉత్తరం వెళ్లింది. 'మీ కుమార్తెను మా సంస్థకు కోడలిగా పంపినందులకు సంతోషము. ప్రస్తుతము ఆమె శుభస్థితిలో ఉన్నది. తొలి కాన్పు పుట్టింటి ఆచారమగుటచే, తమరు మంచిరోజు చూచుకొని వచ్చి పిల్లను తీసుకొనిపోగలరని మనవి.'

టైల్స్ వాళ్లు ఆ ఉత్తరం చదివి నవ్వుకుని చింపేస్తారనుకున్నాం. కానీ ఆ కంపెనీ యజమాని వీరభద్రరావు గారిది మెత్తని మనసు. ముగ్గురూ మగపిల్లలే. ఉత్తరం చదివి నిద్రపట్టక రాత్రంతా దొర్లాడట. "పిల్ల వెళ్తుంటే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించేశాం. చీరైనా పెట్టలేదు," అని బాధపడ్డాడట.

ఆ వారంలోనే పరుపుల కంపెనీ గేటు ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి చలిమిడి బిందె, అరటిగెలలు, గాజుల మలారం, చివర్న సారె కింద బాత్రూమ్ టైల్స్ నమూనాల పెట్టె దిగాయి. వెనకాల వీరభద్రరావు గారు పట్టు ఉత్తరీయంతో దిగారు. నిపుణురాలిగా నాకు మళ్లీ పిలుపు.

మొదట మర్యాదలు బాగానే జరిగాయి. "ప్రయాణం సుఖంగా జరిగిందా బావగారూ?" అన్నాడు పెదనాన్న. "మీ దయవల్ల," అన్నాడు టైల్స్ ఆయన. అలా అంటూ చుట్టూ చూసేసరికి ఆయన దృష్టి స్టూలు మీద పడింది.

"పిల్ల కూర్చునేది దీని మీదేనా?"

"కుర్చీ గృహప్రవేశం తర్వాత మంజూరవుతుంది," అంది మేనత్త.

"మా ఇంట్లో తిరిగే కుర్చీలో కూర్చుందండీ ఇది! మీ దగ్గర అన్ని పరుపులుండి, కడుపుతో ఉన్న పిల్లని చెక్కస్టూలు మీద కూర్చోబెడతారా? ఎంత చిక్కిపోయిందో చూడండి."

"మేం చిక్కబెట్టామా? వచ్చినప్పుడే అలా ఉంది," అన్నాడు బాబాయి. "మీరు పెట్టిన తిండి అలాంటిది."

"నోటీసు పీరియడ్ పూర్తి కాకుండా పిల్లని లేవదీసుకొచ్చినవాళ్లు మీరా నాకు చెప్పేది!"

"లేవదీసుకొచ్చామా!" పెదనాన్న ముఖం కందగడ్డయింది. "ఆఫర్ లెటర్ ఇచ్చి, దర్జాగా కుదుర్చుకున్న సంబంధమండీ ఇది!"

"పిల్లనిచ్చుకున్నవాళ్లం కదా, పడాలి మరి," అని వీరభద్రరావు గారు ఉత్తరీయంతో కళ్లొత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది. తెనాలి నుంచి మా వియ్యపురాలు. మృదుల చెప్పినట్టుంది.

"వదినగారూ, ఎవరో టైల్సువాళ్లు చలిమిడి పట్టుకొచ్చారట? నేనింకా బతికే ఉన్నానని చెప్పండి వాళ్లకి! మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి వాళ్లెవరు? బాత్రూమ్‌లో రాళ్లు పరుచుకునేవాళ్లకి బాలింత పథ్యం తెలుసా?"

ఫోను స్పీకరులో పెట్టలేదు. అయినా బల్ల అవతలి కొస దాకా అందరికీ వినిపించింది.

చివరికి రాజీ కుదిరింది. బాబాయి కుదిర్చాడు. మృదులని టైల్స్ వాళ్లు పురిటికి తీసుకెళ్తారు. తిరిగి వచ్చేదాకా పరుపుల కంపెనీకి ఆవిడతో పని లేదు. ఇటు టైల్స్ కంపెనీ కూడా, పురిటికొచ్చిన పిల్ల చేత ఎవరైనా పని చేయిస్తారా అని, ఉద్యోగం ఇవ్వదు. బిడ్డకి అయిదో నెల వచ్చాక మంచిరోజు చూసి అత్తవారు కబురు పంపుతారు. ఒకవేళ కబురు రాకపోతే, పిల్ల పుట్టింట్లో సుఖంగా ఉందని అర్థం చేసుకోవాలి.

ఆటోలో ఇంటికి బయల్దేరాం.

"ఎవరూ ఒక్క కఠినమైన మాట కూడా అనలేదు కదా అత్తయ్యా," అంది మృదుల. "అయినా ఉద్యోగం పోయింది. నేనెవరి మీద కోప్పడాలి?"

"నువ్వు పెట్టుకున్న దరఖాస్తు ఉద్యోగానికి. అది గుర్తు పెట్టుకో," అన్నాను. మృదుల ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రాజీ సంగతి ప్రకటించడానికి శనివారం కంపెనీలో కుటుంబ భోజనం ఏర్పాటు చేశారు. అందరినీ రమ్మన్నారు. మా వారు, మా అబ్బాయి, తెనాలి నుంచి కాంతిమతి గారు, టైల్స్ వీరభద్రరావు గారు, అందరం క్యాంటీన్‌లో అరిటాకుల ముందు వరసగా కూర్చున్నాం. కాంతిమతి గారూ వీరభద్రరావు గారూ ఒకరికొకరు ఎదురుపడ్డారు గానీ, ఒకరి ఆకులోకి ఒకరు చూసుకోలేదు. పిన్ని గోంగూర పప్పు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర వడ్డించాడు. నెయ్యి పోస్తూ కాంతిమతి గారిని, "ఇంకొంచెం వెయ్యనా అమ్మా?" అని అడిగాడు. "వెయ్యి పిన్నీ," అనేసి ఆవిడ నాలిక కరుచుకుంది.

పప్పన్నం అయింది. పెదనాన్న గొంతు సవరించుకుని లేచాడు. "ఈ శుభసమయాన మన కుటుంబం తరఫున ఒక నిర్ణయం..."

"పెదనాన్నగారూ," అంది మృదుల, ఆకు ముందు నుంచి లేచి. "నేను కూడా ఒక నిర్ణయం తీసుకున్నాను. ముందు నాది చెప్పనివ్వండి."

"చెప్పు తల్లీ."

"నేను వేరు కాపురం పెడదామనుకుంటున్నాను."

సాంబారు గరిటె పిన్ని చేతిలో అలాగే ఆగిపోయింది. మేనత్త చెయ్యి గుండెల మీదికి వెళ్లింది.

"ఎక్కడమ్మా?" అన్నాడు పెదనాన్న.

"ఇక్కడేనండీ. క్వాలిటీ విభాగంలో, కిటికీ పక్కన. కుటుంబంలోంచి వేరుపడి ఇదే కంపెనీలో ఉద్యోగం చేసుకుంటాను. మీ కూతుర్నీ కాను, కోడల్నీ కాను, చుట్టాన్నీ కాను. పరాయిదాన్ని కనక నాకు గృహప్రవేశం అక్కర్లేదు. గృహప్రవేశం లేదు కాబట్టి కడుపుతో ఉన్నా కన్ఫర్మ్ కావచ్చు."

బాబాయి గబగబా జేబులోంచి సర్క్యులర్ తీసి తిరగేశాడు. "వేరు కాపురానికి ఇందులో నిబంధన లేదు," అన్నాడు.

"నిషేధం ఉందా?" అన్నారు మా వారు. ఆ రోజు ఆయన మాట్లాడింది అదొక్కటే. బాబాయి మళ్లీ మొదటి నుంచి తిరగేశాడు.

ఇందుమతి గారు నా వైపు తిరిగింది. "నిపుణురాలిగా మీరే చెప్పండి. కోడలు వేరు కాపురమంటే అత్తవారు ఏం చెయ్యాలి?"

"చెయ్యడానికేం ఉండదండీ," అన్నాను. "నోరు తెరిచి అడిగేదాకే మన చేతుల్లో ఉంటుంది. అడిగాక గిన్నెలు పంచి ఇవ్వడమే. కాదంటే మాటలు పోతాయి. గిన్నెలు ఎలాగూ పోతాయి."

ఆ పంక్తిలో పెళ్లీడు దాటినవాళ్లందరూ తలలూపారు. ఇది వాళ్లకి తెలిసిన విషయమే. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్కసారైనా జరిగింది.

"పంపకాల్లో ఏమేం అడుగుతోంది?" అన్నాడు బాబాయి నీరసంగా.

"వీపు ఆనుకునే కుర్చీ ఒకటి," అంది మృదుల. "నా పని చూసి ఇచ్చే కన్ఫర్మేషను. చట్టంలో ఉన్న ప్రసూతి సెలవు. సెలవయ్యాక మళ్లీ అదే కుర్చీ. ప్రేమాభిమానాల్లో నాకు వాటా వద్దండీ. అవన్నీ మీరే ఉంచుకోండి."

"నేను కూడా వేరు పడతానండి," అన్నాడు పిన్ని, సాంబారు బకెట్టు కింద పెట్టి. "మా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. పిన్నిగారూ అంటోంది."

వెనక వరసలోంచి ఇంకో గొంతు నేనూ అంది. దాని వెనక ఇంకోటి. ప్యాకింగ్ విభాగం మొత్తం ఆకుల ముందు లేచి నిలబడింది. బాబాయి సర్క్యులర్ మడిచి జేబులో పెట్టుకుని, తన ఆకు వైపే చూస్తూ, "వేరుపడితే... నన్ను మళ్లీ అకౌంట్స్ మేనేజర్ అంటారా?" అని అడిగాడు.

పెదనాన్న తను తెచ్చుకున్న కాగితాన్ని రెండు మడతలు పెట్టాడు. తర్వాత ఇంకో మడత. అన్ని పరుపులు అమ్మినవాడికి ఆ క్షణాన కాస్త ఒరగడానికి ఏమీ దొరకలేదు.

"శ్రీమతి మృదుల గారూ," అన్నాడు చివరికి. "మీ ప్రొబేషన్ ఇంతటితో ముగించాం. సోమవారం కన్ఫర్మేషన్ ఆర్డరు తీసుకోండి. కుర్చీ గురించి స్టోర్స్‌లో చెబుతాను."

"థాంక్యూ సర్," అంది మృదుల.

కూర్చుని, ఆకు మీద మిగిలిన అన్నం ముందుకి జరుపుకుని, "ఆంజనేయులు గారూ, పెరుగు," అంది.